స్కేలుకు అందని దూరం



దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని మనందరికీ తెలుసు. ఆ సూత్రంతో రైలు లెక్కలు ఎన్నో చేశాం. అదే ధైర్యంతో, ఢిల్లీ నుంచి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం ఎన్ని గంటల్లో చేరుతుందో లెక్క కట్టబోయి మేము మూడు చోట్ల తప్పాం. ఆ మూడు తప్పులే ఈ పాఠం.

మొదటి తప్పు - స్కేలు: అట్లాసులోని ప్రపంచ పటం మీద, అట్లాంటిక్ మీదుగా స్కేలు పెట్టి కొలిచాం. 20 వేల కిలోమీటర్లు దాటింది! భూమి గుండ్రన, కాగితం బల్లపరుపు. గుండ్రని దాన్ని కాగితం మీద పరిస్తే దూరాలు సాగిపోతాయి. అందుకని గ్లోబు తీసుకున్నాం. భూమధ్యరేఖ చుట్టూ దారం చుట్టి కొలిస్తే 100 సెం.మీ. వచ్చింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కాబట్టి 1 సెం.మీ. అంటే 400 కి.మీ. రెండు నగరాల మధ్య దారాన్ని బిగించి కొలిస్తే 31 సెం.మీ., అంటే దాదాపు 12,400 కి.మీ. ఆ దారం చైనా, రష్యాల మీదుగా పైకి పోయి, ఆర్కిటిక్ మహాసముద్రాన్ని తాకి, అలాస్కా మీదుగా కిందికి దిగింది.

రెండో తప్పు - గాలి: దూరం పెరిగితే కాలమూ పెరుగుతుందనుకున్నాం. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ నగరాల మధ్య ఎక్కడా ఆగని సర్వీసు ప్రారంభించింది. మొదట అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. వెళ్లేది. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా మళ్లించారు. దూరం సుమారు 15,300 కి.మీ. అయింది. ప్రయాణం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి, పద్నాలుగున్నర గంటలకు వచ్చింది! ఆ ఎత్తులో బలమైన గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. పడమరకు పోతే ఎదురుగాలి, తూర్పుకు పోతే వెనుకగాలి. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మూడో తప్పు - గడియారం: చలికాలంలో శాన్‌ఫ్రాన్సిస్కో మనకంటే పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. ఆదివారం తెల్లవారుజామున 2.30కి ఢిల్లీలో బయలుదేరితే, పద్నాలుగున్నర గంటల తర్వాత మనకు సాయంత్రం 5 గంటలు. అక్కడ మాత్రం అదే ఆదివారం తెల్లవారుజామున 3.30! ఒక్క గంటలో చేరినట్టు కనిపిస్తుంది. అందుచేత రెండు వేళలనూ ఒకే ఊరి గడియారంలోకి మార్చిన తర్వాతే తీసివేయాలి.

ఈ లెక్క పరీక్షల కోసమే కాదు. మనలో కొందరి నాన్నలు దుబాయ్‌లో పని చేస్తున్నారు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. నాన్న టికెట్టు మీద దుబాయ్‌లో బయలుదేరే వేళ ఉదయం 10.00, శంషాబాద్ చేరే వేళ మధ్యాహ్నం 3.00 అని ఉంది. నాన్న ఆకాశంలో ఉండేది ఎన్ని గంటలు? ఐదు అనకండి. కాగితం తీసుకుని మీరే చేయండి.

(జవాబు: మూడున్నర గంటలు)