పెద్ద కెమెరా కటకం – చిన్న కెమెరా ఫిల్ము

పదవ తరగతి భౌతిక శాస్త్రంలో కుంభాకార కటకం పాఠం మేమందరం చదివాము. నాభ్యంతరం, వస్తు దూరం, ప్రతిబింబ దూరం అని లెక్కలు చేశాము, మార్కులు తెచ్చుకున్నాము. కానీ ఆ లెక్క తప్పితే ఏమవుతుందో ఈ సంవత్సరం మా వసతి గృహం గ్రూప్ ఫోటో తీసేటప్పుడే తెలిసింది. ఆ పాఠాన్ని తోటి విద్యార్థులతో పంచుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

సెల్‌ఫోన్లు ఉండగా రీలు కెమెరా ఎందుకని మీరు అడగవచ్చు. గత సంవత్సరాల గ్రూప్ ఫోటోలు ఫోన్లలోనే ఉండిపోయి, ఆ ఫోన్లు పాడైనప్పుడు వాటితోపాటే పోయాయి. 'ఈసారి నెగెటివ్ ఉండే ఫోటో తీయండి' అన్నారు వార్డెన్ గారు. భద్రాచలంలో పూర్వం స్టూడియో నడిపిన బాబాయి ఒకాయన తన పెంటాక్స్ 645 కెమెరాతో చర్లకు వచ్చారు. అయితే దాని సొంత 75 మిల్లీమీటర్ల కటకానికి బూజు పట్టింది. మన అడవి ప్రాంతపు వానాకాలం తేమకు ఇది మామూలే. ఆయన దగ్గర బాగున్నది ఒక్కటే, పెంటాక్స్ 6×7 అనే పెద్ద కెమెరా కోసం చేసిన 105 మిల్లీమీటర్ల కటకం. రెంటినీ కలపడానికి ఒక రింగు తెచ్చారు.

ఈ రెండు కెమెరాలూ వాడేది ఒకే రీలు, దాని పేరు 120. 1901 నుండి ఉన్న రీలు ఇది, నేటికీ తయారవుతోంది. వెడల్పు సుమారు 6 సెంటీమీటర్లు. 1969లో వచ్చిన 6×7 కెమెరా ఆ రీలు మీద 55×70 మిల్లీమీటర్ల బొమ్మలు 10 తీస్తుంది. 1984లో వచ్చిన 645 కెమెరా 56×41.5 మిల్లీమీటర్ల బొమ్మలు 15 తీస్తుంది.

కటకం ఏర్పరిచే ప్రతిబింబం నిజానికి గుండ్రంగా ఉంటుంది. టార్చిలైటు గోడ మీద వేస్తే పడే వెలుగు లాంటిదన్నమాట. ఆ గుండ్రంలో ఫిల్ము చతురస్రమో, దీర్ఘ చతురస్రమో మూలలతో సహా ఇమడాలి. పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణం కడితే 6×7 బొమ్మకు 89 మిల్లీమీటర్లు, 645 బొమ్మకు 70 మిల్లీమీటర్లు వస్తాయి. కాబట్టి పెద్ద కెమెరా కటకపు వెలుగు గుండ్రం చిన్న ఫిల్మును సులభంగా కప్పేస్తుంది. చిన్న కెమెరా కటకాన్ని పెద్దదానికి పెడితే మూలలు చీకటి పడే ప్రమాదం ఉంది.

హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) పెద్ద పెద్ద గాజు పలకల మీద ఫోటోలు తీసేవారు. అంతటి పలకను మూలల దాకా కప్పగల కటకం ఎంతటిదై ఉండాలో ఊహించుకోండి. ఆ కటకాల ముందు మా 105 పిల్లకాయ.

గుండ్రం సరిపోయింది కదా అని కటకాన్ని తెచ్చి తగిలిస్తే సరిపోదు. కటకం కూర్చునే అంచు నుండి ఫిల్ము దాకా ఉండే దూరం ముఖ్యం. 6×7 కెమెరాలో ఇది 84.95 మిల్లీమీటర్లు, 645లో 70.87. తేడా 14.08 మిల్లీమీటర్లు. రింగు మందం సరిగ్గా అంతే ఉండాలి. ఎదురుగా చేయాలంటే, అంటే 645 కటకాన్ని 6×7కు పెట్టాలంటే, మైనస్ 14 మిల్లీమీటర్ల రింగు కావాలి. అది ఏ లేత్ షాపులోనూ దొరకదు!

'14 అయితే ఏం, 14న్నర అయితే ఏం?' అన్నాడు మాలో ఒకడు. బాబాయి వాడి చేతనే లెక్క చేయించారు. 12 మీటర్ల దూరాన ఉన్న మనిషి స్పష్టంగా పడాలంటే 105 కటకం ముందుకు జరగవలసింది 1 మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. రింగు అర మిల్లీమీటరు మందం ఎక్కువైతే, కటకాన్ని చివరి దాకా వెనక్కి తిప్పినా 22 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. తాలిపేరు ప్రాజెక్టు గేట్లను ఒడ్డున నిలబడి తీస్తే అవి మసకగానే పడతాయి.

ఇక మేము చేసిన తప్పులు. పెద్ద కెమెరా కటకం కనుక ఎక్కువ మంది పడతారని మేము గట్టిగా నమ్మాము. ముందు రోజు రాత్రే మూడు వరుసలకు 8 మీటర్ల పొడవున సుద్దముక్కతో గీతలు గీసి బెంచీలు వేశాము. ఉదయం బాబాయి కెమెరాలో చూసి 'రెండు పక్కలా పిల్లలు బయటికి పోయార్రా' అన్నారు. 105 ఏ కెమెరాకు పెట్టినా 105యే. చిన్న ఫిల్ము ఆ గుండ్రంలో నడిమి భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది, అందువల్ల దృశ్యం ఇరుకవుతుంది. 56ను 105తో భాగిస్తే 0.53. అంటే ప్రతి మీటరు దూరానికి 53 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే పడుతుంది. 8 మీటర్లకు 15 మీటర్ల వెనుక నిలబడాలి. మా ఆవరణలో గోడ దాకా ఉన్నది 12 మీటర్లే. అదే 75 కటకమైతే 11 మీటర్లు చాలేది. చివరకు భోజనాల బల్లలు తెచ్చి నాలుగు వరుసలు చేశాము, పొడవు 6 మీటర్లకు తగ్గింది, అందరూ పట్టారు.

రెండవ తప్పు అంత తేలికగా పోలేదు. గ్రూప్ ఫోటోకు ముందే మా వంట ఆయమ్మ ఫోటో తీశాము. ఆమె ఆ నెలలోనే పని విరమించి వెంకటాపురంలో కూతురి ఇంటికి వెళ్ళిపోతున్నది. బస్సు టైము అవుతున్నదని వంటగది గుమ్మం ముందు ఎండలో నిలబెట్టి నాలుగు సార్లు నొక్కాము. ఫిల్ము డబ్బా మీది పట్టిక చూసి 400 స్పీడుకు ఎఫ్ 11, సెకనులో 500వ వంతు పెట్టాము. ఆమె బస్సెక్కింది.

పెంటాక్స్ కంపెనీయే ఇలాంటి రింగు చేసింది గాని, మాది వేరొకరు చేసిన సాదా రింగు. దానిలో కటకం ద్వారాన్ని మూసే మీట లేదు. అప్పుడు కటకం పక్కనున్న చిన్న బొత్తాన్ని 'ఏ' నుండి 'ఎం'కు జరపాలి. మేము జరపలేదు. రింగు మీద 11 అని ఉన్నా లోపల ద్వారం 2.4 దగ్గరే పూర్తిగా తెరుచుకొని ఉంది. 11ను 2.4తో భాగించి వర్గం చేయండి, 21 వస్తుంది. అంటే ఫిల్ము మీద 21 రెట్ల వెలుతురు పడింది! గ్రూప్ ఫోటోకు ముందు బాబాయి కటకం లోపలికి తొంగి చూడబట్టి మిగతా 11 బొమ్మలు బతికాయి.

ఇలా తీసేవారు మరో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఫిల్ము మీద పడని అదనపు వెలుగు కెమెరా లోపలి గోడలకు తగిలి బొమ్మను తెల్లబరుస్తుంది, కనుక కటకానికి ముందు గొట్టం తొడగాలి. రెండవది, పెద్ద కటకం పెట్టినంత మాత్రాన పెద్ద నెగెటివ్ రాదు. 8×10 అంగుళాల ఫోటోకు 645 నెగెటివ్‌ను సుమారు 5 రెట్లు పెంచాలి, 6×7 అయితే 4 రెట్ల లోపే చాలు. మూలలు మాత్రం చక్కగా వస్తాయి, ఎందుకంటే కటకపు నడిమి భాగమే వాడుతున్నాము. మామిడిపండు రసం భాగం తిని టెంక వదిలేసినట్లు!

రీలు కడిగాక ఆయమ్మ నెగెటివ్‌లు నాలుగూ బొగ్గులా ఉన్నాయి. మిగతా వాటి లాగే 12 సెకన్లు వెలుగిస్తే కాగితం తెల్లగానే మిగిలింది. బాబాయి పెంచుకుంటూ పోయారు. ఒకటిన్నర నిమిషం వెలుగిచ్చిన తరువాత మందు నీళ్ళలో ముందు కళ్ళు, తరువాత ముఖం తేలాయి. తెల్ల చీర మడతలు రాలేదు. వెనుక గిన్నెలు మసక మసకగా ఉన్నాయి. 'ఫోన్‌లో అయితే ఇంత వెలుతురుకు ఏమీ మిగిలేది కాదు' అన్నారాయన.

ఆ ఫోటోను అట్ట మధ్యలో పెట్టి వెంకటాపురం బస్సు కండక్టరు గారి చేతికిచ్చాము. మరుసటి వారం అదే బస్సులో ఆయమ్మ మాకు ఒక సంచెడు చింతకాయలు పంపింది.