ఇంటి ముంగిటి బాట

ఎడ్లబండ్ల స్థానమున ట్రాక్టర్లును, ఆటోలును వచ్చినది మొదలు, వీధి నుండి పెరటి వరకు గట్టి దారి యుండవలెనన్న కోరిక గ్రామములలో ప్రతి గృహస్థునకును కలుగుచున్నది. కోరిక సమంజసమే. కాని ఒకరు తమ గడప ముందు పోయించుకొన్న సిమెంటు వాలు పంచాయతీ మురుగుకాలువను పూడ్చి, వాననీటిని పొరుగింటిలోనికి మళ్లించుటయు మనము తరచు చూచుచున్నాము. మేము పర్యటించిన యొక గ్రామములో ఇట్టి వాలు వలన పక్కయింటివారి ధాన్యపు బస్తాలు తడిసి, మాటలు పెరిగి, తగవు పంచాయతీకి వచ్చినది. సభ్యులు వెళ్లి చూడగా తప్పు వాలుది కాదు, దాని క్రింద తూము లేకపోవుటది.

బాటను చెరచునది బరువు కంటె నీరే. బరువును నిజముగా మోయునది అడుగునున్న నేల యనియు, దానిని పొడిగా ఉంచుటయే పై రాళ్ల పని యనియు స్కాట్లండు దేశీయుడగు మెకాడం (1756–1836) బోధించెను. కావున పని ప్రారంభించునపుడు మొదట చూడవలసినది సిమెంటు ధర కాదు, వాననీరు ఎటు పోవుననునది. మేస్త్రీలు మట్టము చూచు నీటిగొట్టముతో వీధి ఎత్తును, ఇంటి పునాది ఎత్తును, కాలువ అడుగును కొలిపించవలెను. బాట వాలు ఇంటి గోడ వైపునకు గాని, పొరుగువారి ప్రహరీ వైపునకు గాని ఉండరాదు.

నల్లరేగడి నేల తడిసిన ఉబ్బును, ఎండిన నెరియలు వారును. దానిపై నేరుగా పోసిన కాంక్రీటు పగులక మానదు. అచ్చట ఒక అడుగు లోతు త్రవ్వి, మొరముతో నింపవలెను. ఎర్రనేలలో ఆరంగుళములు చాలును. మొరమును ఒక్కమారుగా పోయక, నాలుగంగుళముల పొరలుగా పరచి, తడిపి, దిమ్మిసతో గాని రోలరుతో గాని అణచవలెను. తడి సరిపోయినదా యన్నది తెలియుటకు గుప్పెడు మొరమును పిసికి చూడుడు. ముద్ద నిలువవలెను, అరచేయి తడి కారాదు. బాట నడుమ అంచుల కంటె రెండంగుళములు ఎత్తుగా నుంచినచో నీరు నిలువదు.

పది అడుగుల వెడల్పు, ఇరువదియైదు అడుగుల పొడవు గల బాట 250 చదరపు అడుగులు. దానిపై 50 మిల్లీమీటర్ల వాన కురిసిన, 1,150 లీటర్లకు పైగా నీరు చేరును. అంతయు కాంక్రీటు చేసినచో దాదాపు ఆ నీరంతయు వీధికాలువలో పడును. నూరిండ్లవారు అట్లే చేసిన కాలువ గతి ఊహింపవచ్చును. దీనికి మారుగా చక్రములు నడచు చోట మాత్రమే రెండడుగుల వెడల్పున రెండు పట్టీలు నాపరాళ్లతో గాని కాంక్రీటుతో గాని వేసి, నడుమను, ప్రక్కలను గరిక పెంచవచ్చును. గట్టిచేయు స్థలము 100 చదరపు అడుగులకు తగ్గును, సిమెంటు ఖర్చు సగమునకు పైగా మిగులును, నీరు నేలలో ఇంకును. పట్టీల నడిమి దూరమును ఇంటివారి బండి చక్రములను కొలిచి నిర్ణయించవలెను. ఈ కొలత మరచి వేసిన పట్టీలు అలంకారమునకే పనికివచ్చును! వేపచెట్టు ఉన్నచో మొదలు చుట్టును మట్టి వదలవలెను.

ఇక కాలువ దాటు చోటు. ఇది పంచాయతీ నేరుగా పట్టించుకొనవలసిన భాగము. అచ్చట మట్టి నింపుటకు ఎవరికిని అనుమతి ఈయరాదు. కాలువ వెడల్పునకు తగ్గని తూము గాని, ఎత్తి తీయగల కాంక్రీటు పలకలు గాని వేయించవలెను. పలకలే మేలని మా అభిప్రాయము, పూడిక తీయు పనివారికి అవే సులువు. పంచాయతీ వైపు నుండియు ఒక లోపము కలదు. పాత సిమెంటు రోడ్డును త్రవ్వకయే దానిపై క్రొత్తది వేయుటచే వీధి ఎత్తు పెరిగి, ఇండ్లు పల్లములో పడుచున్నవి. ఇండ్లవారు వాలులను ఎత్తు చేయుట అందుకు ప్రతిక్రియయే. రోడ్డు పనికి తీర్మానము చేయునపుడే వీధి మట్టము ఎంత యుండవలెనో అందు వ్రాయించినచో ఈ పోటీ ఆగును.

రోహిణి కార్తెలోగా మొరము పని ముగించి, ఒక వానకాలము బండ్లను నడువనిచ్చుట మంచిది. దిగిన గాడులను దసరా నాటికి మరల నింపి అణచి, ఆ తరువాతనే రాళ్లు పరపించవలెను.