కోడలికి ఉత్తరం: ఆ రెండో శిఖరాన్ని కొట్టేయకు

నల్లగొండ

చి. కోడలికి,

నువ్వు పంపిన గ్రాఫు చూసిన. పాలీలాక్టైడ్, పాలీకాప్రోలాక్టోన్ కలిపిన నీ బ్లాక్ కోపాలిమర్‌ను డీఎస్‌సీ అనే వేడిమి కొలిచే యంత్రంల పెడితే, లాక్టైడ్ కరిగేకాడ ఒకటికి బదులు రెండు శిఖరాలు వచ్చినయని దిగులుపడ్డవు. నమూనాల మలినం ఉన్నదేమో, మళ్ల మొదటినుంచి తయారుచెయ్యాల్నా అని అడిగినవు. తొందరపడకు బిడ్డా, దాన్ని పారెయ్యకు.

ఇండియం లోహం 156.6 డిగ్రీలకాడ కరుగుతది. అందుకే దానితోని యంత్రాన్ని సరిచూసుకుంటం. పాలిమర్‌కు అట్ల ఒక్క అంకె ఉండదు. మీ అమ్మమ్మ కాచిన నెయ్యి మెల్లగ చల్లారితే పూసకడుతది, ఫ్రిజ్‌ల పెడితే నున్నగ గడ్డకడుతది. నెయ్యి అదే, చల్లారిన తీరు వేరు. నీ గొలుసులు కూడా చల్లారేటప్పుడు మడతలు పడి, పది నానోమీటర్ల అటూఇటూ మందమున్న పలకలైతయి. గబగబ చల్లారిస్తే పలక పలచబడతది, తక్కువ వేడికే కరుగుతది. అట్ల కరిగినవి ఇంకా వేడెక్కే లోపల్నే మళ్ల మందంగ పేరుకొని, రెండోసారి కరుగుతయి. పైగా పాలీలాక్టైడ్ వంద డిగ్రీల లోపల గడ్డకడితే అంత క్రమం లేని స్ఫటికాలొస్తయి. వేడిచేస్తుంటే అవి క్రమమైన రూపానికి మారుతయి. నీ రెండో శిఖరం వీటిలో దేనివల్లనైనా రావచ్చు.

పరీక్ష సులువు. నిమిషానికి 2, 5, 10, 20 డిగ్రీల చొప్పున వేడిచేసి చూడు. వేగం పెరిగినకొద్దీ పై శిఖరం కుంచించుకపోతే, మళ్ల పేరుకునే సమయం దొరకలేదన్నట్టు. మలినమైతే వేగానికి అట్ల లొంగదు.

ఇగ రెండు బ్లాకుల సంగతి. లాక్టైడ్ వైపు కరిగేది 170 డిగ్రీల దరిదాపుల, కాప్రోలాక్టోన్ వైపు 60 దగ్గర. రెంటినీ ఒక రసాయన బంధం కట్టేసింది కాబట్టి ఒకదాన్ని విడిచి ఇంకొకటి దూరం పోలేదు. చల్లార్చేటప్పుడు లాక్టైడ్ ముందు గడ్డకట్టి జాగా పట్టుకుంటది. మిగిలిన సందులల్లనే, ఒక కొన కదలకుంట ఉండంగ, కాప్రోలాక్టోన్ గడ్డకట్టాలె. అందుకే దాని స్ఫటికీకరణ ఆలస్యమైతది, ఉష్ణోగ్రత కిందికి జరుగుతది. దాని వంతు మరీ తక్కువైతే గడ్డనే కట్టకపోవచ్చు. నువ్వు కరుగు గీతనే పంపినవు, చల్లార్చిన గీత పంపలేదు. అసలు కథ అండ్లనే ఉన్నది.

స్ఫటికశాతం లెక్కకట్టేటప్పుడు ఆ బ్లాకు బరువు వంతుతోని భాగించు. వేడిచేసేటప్పుడు నడుమ గడ్డకట్టినందుకు వెలువడిన వేడి ఉంటే దాన్ని తీసెయ్యి. పూర్తి స్ఫటిక పాలీలాక్టైడ్‌కు గ్రాముకు 93 జౌళ్లు, కాప్రోలాక్టోన్‌కు 136 దగ్గర తీసుకుంటరు. ఏ విలువ తీసుకున్నవో రాసిపెట్టు.

ఈ లెక్కలు ఎందుకంటవా? మోనోక్రిల్ అనే కుట్లదారం గ్లైకోలైడ్, కాప్రోలాక్టోన్‌ల బ్లాక్ కోపాలిమరే. గ్లైకోలైడ్ భాగం గట్టిగ స్ఫటికమై బలమిస్తది, కాప్రోలాక్టోన్ మెత్తదనమిస్తది. వారం తిరిగేసరికి దాని బలం సగానికి దగ్గర పడతది, మూడునాలుగు నెలలల్ల దారమే ఒంట్ల కలిసిపోతది. నీళ్లు ముందు క్రమంలేని భాగంలకు చొరబడి గొలుసులను తెంపుతయి, స్ఫటికాలు ఆలస్యంగ లొంగుతయి. నువ్వు కొలిచే శిఖరం కింది వైశాల్యం, ఒక బాలింత పొట్టమీది కుట్టు ఎన్నిరోజులు ఆగాల్నో అన్న లెక్కకు చెందినది.

నాకు అన్నిటికన్న ముఖ్యమైన మాట ఇది. పరిశోధన పత్రాలల్ల గది ఉష్ణోగ్రత అంటే 25 డిగ్రీలు. మే నెలల నల్లగొండల, పాలమూరుల 45 తాకే రోజులుంటయి. రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. కాప్రోలాక్టోన్ కరిగే వేడికి అది కొద్ది డిగ్రీల దూరమే. అట్ల కొన్ని రోజులుంచితే దాని పలకలు సర్దుకొని, ఉంచిన వేడికి కొంచెం పైన కొత్త చిన్న శిఖరం లేస్తది. పాలీలాక్టైడ్ మెత్తబడేది 55–60 నడుమ. మూసిన కారుల దానితోని చేసిన కప్పు వంగిపోయేది అందుకే. రేపు మిర్యాలగూడ మిరపతోటల, గద్వాల పుచ్చతోటల ఇసుంటి పాలిమర్‌తోని చేసిన, నేలల కలిసిపోయే మల్చింగ్ షీటు పరిచితే, ఎండకు కాలే నేల గాలికన్న వేడిగ ఉంటది. 25 డిగ్రీలకాడ కొలిచిన అంకెలు ఆ రైతుకు సాలవు.

కాబట్టి మొదటిసారి వేడిచేసినప్పటి గీతను పాతచరిత్ర అని కొట్టేయకు. చల్లార్చి రెండోసారి వేడిచేసినప్పటి గీత పాలిమర్ స్వభావం చెప్తది, మొదటిది ఆ వస్తువు ఇప్పుడెట్లున్నదో చెప్తది. నీ థీసిస్‌ల 45 డిగ్రీలకాడ వారం, నెల, మూడునెలలు ఉంచిన నమూనాల మీద ఒక అధ్యాయం ఉండాలె. మీ సారు ఒప్పుకోకపోతే ఈ ఉత్తరం చూపించు, నేను మాట్లాడత.

నమూనాను వ్యాక్యూమ్‌ల ఆరబెట్టినంకనే పాన్‌ల పెట్టు. తడి ఉంటే కరిగినప్పుడు గొలుసులు తెగుతయి. 200 డిగ్రీలకాడ ఎక్కువసేపు ఆపకు. నాలుగు వేగాల గీతలు, చల్లార్చిన గీత, ఇండియం గీత కలిపి పంపు. ఆదివారం ఫోన్‌ల మాట్లాడుకుందాం.

మీ మామ