వాతావరణ గురుత్వ తరంగాలు

జనరల్ సైన్స్ - భూగోళశాస్త్రం

- నిర్వచనం: స్థిర వాయుపొరలో పైకి నెట్టిన గాలిని గురుత్వ, ఉత్ప్లవన బలాలు తిరిగి లాగడంతో పుట్టే అలలు.
- జనకాలు: పర్వతాలు, ఉరుము మేఘాలు, జెట్ స్ట్రీమ్.
- పని: కింది పొరల ద్రవ్యవేగాన్ని స్ట్రాటో, మీసో ఆవరణాలకు చేర్చడం.
- క్వాసీ బైనియల్ ఆసిలేషన్: భూమధ్యరేఖపై స్ట్రాటో ఆవరణ పవనాల దిశ మార్పు. చక్రం సుమారు 28 నెలలు. దీన్ని నడిపే శక్తుల్లో ఈ తరంగాలూ ఉన్నాయి.
- వాతావరణ నమూనాల సమస్య: 100 కి.మీ. గడుల నమూనాలో చిన్న తరంగాలు కనిపించవు. వాటి ప్రభావాన్ని ఉజ్జాయింపు సూత్రాలతో కలుపుతారు (పారామెటరైజేషన్).
- పరిష్కారం: 5 కి.మీ.లోపు గడుల ప్రపంచ నమూనాలు. ఉదా: నికామ్ (జపాన్), ఐకాన్ (జర్మనీ). వీటిని పోల్చిన ప్రాజెక్టు: డైమండ్.
- భారత్: భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, 2025 మే 26న ప్రారంభమైన వాతావరణ అంచనా నమూనా, గడి 6 కి.మీ.; రూపకర్త ఐఐటీఎం సంస్థ, పుణె.
- ఆంధ్రప్రదేశ్: తిరుపతి సమీపంలోని గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ (ఈ తరంగాలనూ పరిశీలిస్తుంది), 53 మెగాహెర్ట్జ్, సంస్థ ఎన్‌ఏఆర్‌ఎల్, అంతరిక్ష విభాగం.
- నాసా: ఏడబ్ల్యూఈ పరికరం, 2023 నవంబరులో ప్రయోగం, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి ఈ తరంగాల పరిశీలన.

తికమక పడొద్దు: లైగో 2015లో గుర్తించినవి ఐన్‌స్టీన్ ఊహించిన గురుత్వాకర్షణ తరంగాలు. వాతావరణ గురుత్వ తరంగాలతో వాటికి సంబంధం లేదు.

అడిగే అవకాశం: గాదంకి రాడార్, 28 నెలల చక్రం, 6 కి.మీ. గడి.