న్యాయస్థానములలో నూతన పద్ధతులు

గ్రామమున తగవు పుట్టినపుడు అది మొదట పంచాయతీ సభ్యుని అరుగు మీదికే వచ్చును. అచట తీరనిది కోర్టునకు పోవును. పోయిన పిదప ఆ దావా ఏ దశలో నున్నదో సభ్యునకు తెలియదు. పలుమారులు దావా వేసినవానికిని తెలియదు. వకీలుగారి గుమాస్తా చెప్పినదే వేదము. వాయిదానాటికి బస్సు ఛార్జీ పెట్టుకొని, ఆనాటి కూలి పోగొట్టుకొని పట్టణమునకు వెళ్లినవాడు, ‘జడ్జిగారు సెలవులో నున్నారు’ అను మాట విని తిరిగివచ్చుట మనమెరుగనిది కాదు. ఈ స్థితి ఇపుడు కొంత మారుచున్నది. ఎట్లు మారుచున్నదో, అందువలన గ్రామస్థులకు కలుగు మేలేమో, ఎచట జాగ్రత్త వహింపవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

2020 మార్చి 25వ తేదీనుండి కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ విధింపబడినది. కోర్టు హాళ్లు మూతపడినవి. కాని జైలులో నున్నవాని జామీను దరఖాస్తు ఆగునా? రేపు కూల్చబోవు ఇంటిని గూర్చిన స్టే దరఖాస్తు ఆగునా? అందుచేత సుప్రీంకోర్టు వీడియో ద్వారా విచారణ ప్రారంభించి, ఏప్రిల్ 6వ తేదీన రాజ్యాంగము 142వ అధికరణము క్రింద దేశమందలి కోర్టులన్నిటికిని ఉత్తర్వు చేసినది. అందు రెండు అంశములు మన పాఠకులు గుర్తుంచుకొనదగినవి. వీడియో సౌకర్యము లేని కక్షిదారులకు కోర్టే ఆ సౌకర్యము కల్పింపవలెననునది ఒకటి. ఉభయపక్షముల సమ్మతి లేనిదే సాక్ష్యమును వీడియో ద్వారా నమోదు చేయరాదనునది రెండవది. దావాలు, అప్పీళ్లు వేయుటకు గల గడువు కూడ 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వరకు లెక్కింపరాదని ఆ కాలమున సుప్రీంకోర్టు ఆదేశించినది.

ఇదంతయు ఒక్క రాత్రిలో జరిగిన పని కాదు. కోర్టులకు కంప్యూటర్లు సమకూర్చు ‘ఈ-కోర్టుల’ పథకము 2007లోనే రూపొందినది. 2015లో మొదలైన రెండవ దశకు 1,670 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. కాగా 2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము మూడవ దశకు 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. నాలుగేండ్ల కాలమునకు ఉద్దేశింపబడిన ఈ మొత్తములో రెండువేల కోట్లకు పైగా పాత దస్తావేజులను స్కాను చేసి భద్రపరచుటకే కేటాయించిరి. చెదలు తినిన ఫైలు కొరకు ఏండ్ల తరబడి తిరిగినవారికి ఈ కేటాయింపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక గ్రామమునకు ఉపయోగపడు సంగతులు. నేడు దేశములోని జిల్లా కోర్టులలోను, వాటి క్రింది కోర్టులలోను నమోదైన ప్రతి కేసునకును అక్షరములు, అంకెలు కలిసిన పదునారు స్థానముల సంఖ్య యొకటి ఇవ్వబడుచున్నది. దీనిని సి.ఎన్.ఆర్. నంబరు అందురు. మనిషికి ఆధార్ ఎట్టిదో కేసునకు ఈ నంబరట్టిది. దీనిని ఈ-కోర్టుల సెల్‌ఫోను యాప్‌లో నింపినచో, కేసు ఏ జడ్జిగారి యెదుట నున్నది, గత వాయిదానాడు ఏమి జరిగినది, మరల వాయిదా ఎపుడు అను వివరములు తెలియును. ఇందుకు రుసుము లేదు, ఎవరి సిఫారసును అక్కరలేదు. కక్షిదారుని ఫోను నంబరు కోర్టులో నమోదైయున్నచో వాయిదా సమాచారము సందేశరూపమున వచ్చును. అయితే కాగితములపై వకీలుగారి నంబరో, గుమాస్తా నంబరో వేసియుండు సందర్భములు లేకపోలేదు. అట్టి సందర్భమున సందేశము వచ్చును గాని రావలసినవానికి రాదు. కావున దావా వేయునాడే తన నంబరు వ్రాయించుకొనుమని కక్షిదారునకు సభ్యులు చెప్పవలెను.

సమనుల విషయము ఇంతకంటె ముఖ్యమైనది. ఒక రైతు పొలముపై పొరుగూరివాడు దావా వేసెననుకొందము. కోర్టునుండి సమను తెచ్చినవాడు ఆ రైతు ఇంటికి రాకయే, ‘ఇల్లు తాళము వేసియున్నది’ అని వ్రాసికొనిపోయెననుకొందము. వాయిదానాడు రైతు హాజరు కాడు. కోర్టు ఏకపక్షముగ డిక్రీ ఇచ్చును. పొలము తనది కాదని రైతునకు తెలియుసరికి ఎదుటివాడు కొలతలకు గొలుసు తెచ్చియుండును! ఈ అన్యాయమును అరికట్టుటకు, సమనులు అందజేయు ఉద్యోగులకు సెల్‌ఫోనులిచ్చి, వారు ఏ స్థలమున, ఏ సమయమున సమను అందించిరో అచటినుండియే నమోదు చేయు పద్ధతి ప్రవేశపెట్టబడినది. స్థలమును ఉపగ్రహముల సాయమున ఫోనే గుర్తించును. ఈ పద్ధతి నిక్కముగ అమలైనచోట బద్ధకమునకు చోటు తగ్గును. అయినను మోసపోయినవాడున్నచో, ఏకపక్ష డిక్రీని రద్దుచేయుమని అదే కోర్టులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. గడువు డిక్రీ తేదీనుండి 30 రోజులు. సమను సక్రమముగ అందనిచో, డిక్రీ సంగతి తెలిసిననాటినుండి 30 రోజులు. ఈ ముప్పది రోజులును ‘చూతములే’ అని గడిపివేసినవారి సంఖ్య తక్కువ కాదు.

2024 జూలై 1వ తేదీనుండి క్రొత్త క్రిమినల్ చట్టములు అమలునకు వచ్చినవి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారము పోలీసులు సోదా జరిపి వస్తువులు స్వాధీనపరచుకొనునపుడు, జాబితా వ్రాయుట, సాక్షులు సంతకము చేయుటతో సహా సర్వమును వీడియో తీసి, జాప్యము లేక మేజిస్ట్రేటునకు పంపవలెను. పంచనామాకు సాక్షిగా పిలుపు వచ్చునది తరచుగా పంచాయతీ సభ్యునకే. ఖాళీ కాగితముపై సంతకము చేసి, తరువాత కోర్టు బోనులో నీళ్లు నమలిన పెద్దమనుష్యులు మన గ్రామములలో నున్నారు. ఇకపై సాక్షి సంతకము చేయునపుడు కెమెరా నడచుచున్నదా యని అడుగుట మర్యాదకు భంగము కాదు, అది చట్టము చెప్పిన పద్ధతి. రాష్ట్ర ప్రభుత్వము నిర్దేశించిన స్థలమునుండి వీడియో ద్వారా సాక్ష్యమిచ్చుటకు కూడ ఈ సంహితలో వీలు కలదు.

యంత్రము వచ్చినంత మాత్రమున పని జరుగదు. ముప్పదియేండ్లు కలముతో తీర్పులు వ్రాసిన జడ్జిని, కట్టలు ముడివేసిన గుమాస్తాను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టుటయే ఈ సంస్కరణలో కష్టతరమైన భాగమని మా అభిప్రాయము. సుప్రీంకోర్టు ఈ-కమిటీ న్యాయాధికారులకు లాప్‌టాపులిచ్చి, ఉచితముగ లభించు ఉబుంటు వ్యవస్థపై తర్ఫీదు నిప్పించినది. జడ్జీలనుండియు, వకీళ్లనుండియు కొందరిని శిక్షకులుగ తీర్చి, వారిచే తక్కినవారికి నేర్పించుచున్నది. ఐనను పట్టణమున యువ వకీలు ఇంటినుండి దావా దాఖలు చేయుచుండగా, తాలూకా కోర్టులో వృద్ధ వకీలు స్కాను చేయువానికొరకు వెదకుకొనుచున్నాడు. కక్షిదారుల సంగతి చెప్పనేల? ఫోను భర్త చేతిలోనో, కొడుకు చేతిలోనో ఉన్న స్త్రీ మనోవర్తి కేసు సందేశము ఎవరు చదువుదురు? ఇట్టివారికొరకు కోర్టు ఆవరణలలో ఈ-సేవా కేంద్రములు ఏర్పడుచున్నవి. కేసు స్థితి తెలుపుట, నకలు దరఖాస్తు, దావా దాఖలు, జైలులోని బంధువును చూచుటకు సమయము కోరుట మొదలగు పనులలో అచటివారు సాయపడుదురు.

జైలు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. 2021లో ఆగ్రా జైలులోని కొందరికి సుప్రీంకోర్టు జామీను ఇచ్చినను, ఉత్తర్వు ప్రతి అందలేదని విడుదల ఆలస్యమైనది. ఇందుపై ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణగారు స్వయముగ విచారణ చేపట్టి, ఉత్తర్వులు భద్రముగ కంప్యూటరు ద్వారా జైళ్లకు చేరు ‘ఫాస్టర్’ పద్ధతిని 2022 మార్చి 31న ప్రారంభించిరి. వీరు కృష్ణా జిల్లా పొన్నవరము గ్రామమున జన్మించినవారు. భాష విషయమునను కొంత అడుగు పడినది. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగున లభించుచున్నవి. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి వివాదమున తెలుగులో తీర్పు వెలువరించినది.

క్రొత్త పద్ధతితో క్రొత్త దొంగలును వచ్చిరి. ‘నీపై కేసున్నది, నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి, వీడియో కట్టివేయరాదు, సొమ్ము పంపుము’ అని బెదిరించి దోచుకొనుచున్నారు. 2024లో ఉత్తరదేశమందలి ఒక పారిశ్రామికవేత్తను కృత్రిమ సుప్రీంకోర్టు విచారణ చూపించి ఏడుకోట్ల రూపాయలు కాజేసిరి. విద్యావంతులే మోసపోగా, పల్లెలో పింఛను సొమ్ము దాచుకొన్న వృద్ధురాలి గతి ఏమి? డిజిటల్ అరెస్టు అనునది ఏ చట్టమునను లేదు. ఏ కోర్టును వీడియోలో సొమ్ము అడుగదు. ఇట్టి ఫోను వచ్చినచో పెట్టివేసి, 1930 నంబరునకు వెంటనే తెలుపవలెను. ఈ ముక్కను గ్రామసభలో దండోరా వేసినట్లు చెప్పవలెనని మా మనవి.

కడపట పంచాయతీ సొంత కేసుల మాట. చెరువు శిఖము, శ్మశానము, పోరంబోకు స్థలములను గూర్చి పంచాయతీయే కక్షిగా నున్న దావాలు అనేకము. సర్పంచి మారినపుడు ఫైలు మరుగున పడి, ఏకపక్ష డిక్రీతో గ్రామస్థలము చేజారుట కలదు. రానున్న సమావేశమున కార్యదర్శి ఇట్టి కేసులన్నిటి సి.ఎన్.ఆర్. నంబర్లు ఒక రిజిస్టరులో నెక్కించి, నెలకొకమారు వాయిదాలు చూచి సభ్యుల ముందుంచవచ్చును. వకీలును పెట్టుకొనలేని స్త్రీలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. వారు 15100 నంబరునకు ఫోను చేయవచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై, ఉపాధిహామీ పనుల పట్టిక ప్రక్కనే, పెద్ద అక్షరములతో వ్రాయింపవచ్చును.