డేటా మైనింగ్

నల్లమల చెంతనున్న పుల్లలచెరువు వంటి మెట్టప్రాంతాలలో తొలకరిని నమ్మి విత్తిన రైతు, ఆపై వాన ముఖం చాటేస్తే విత్తనాన్నీ పెట్టుబడినీ ఒకేసారి కోల్పోతాడు. ఎప్పుడు విత్తాలన్న ప్రశ్నకు పూర్వం కార్తెలే సమాధానం. తరతరాల వానల జ్ఞాపకమే ఆ కార్తెల లెక్కలో ఒదిగింది.

ఇటువంటి మెట్టభూములే గల కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో మరొక మార్గం తొక్కారు. ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు ముప్పై ఏండ్ల వాతావరణ వివరాలను శోధించి, వేరుశనగ విత్తడానికి అనువైన సమయాన్ని 175 మంది రైతులకు సెల్‌ఫోన్ సందేశాలతో తెలిపాయి.

అపారమైన వివరాల రాశిలో మరుగుపడిన క్రమాన్ని వెలికితీసే ఈ విద్యే డేటా మైనింగ్. పేరు కొంత పొసగదు. వివరాలు ముందే చేతిలో ఉంటాయి, తవ్వకమంతా వాటిలోని క్రమం కోసమే. వివరాలను భద్రపరచి అందించేది డేటాబేస్ శాస్త్రం. కనిపించిన పోలిక నిజమో కాకతాళీయమో తేల్చేది సాంఖ్యకశాస్త్రం. గతాన్ని చూసి అంచనా కట్టడం యంత్రానికి నేర్పేది మెషిన్ లెర్నింగ్. వీటి నడుమ గట్లు గీయడం కష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సాంఖ్యకశాస్త్రవేత్త సి.ఆర్. రావు, 2005లో వెలువడిన డేటా మైనింగ్ సంపుటానికి సంపాదకులలో ఒకరు.

వ్యవసాయశాస్త్రం తోడు లేనిదే ఈ లెక్క పొలానికి పనికిరాదు. దేవనకొండలో వాన ఎంత కురిసిందన్నదే కాక, పైరుకు చాలినంత తేమ నేలలో నిలిచిందా అన్నదీ గణించారు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. ఎర్రనేల త్వరగా ఆరిపోతుంది.