నర్ ఏది, మాదా ఏది? - క్రోమైడ్ చేపల గుర్తింపు

పాతబస్తీలో రంగుచేపలు అమ్మే అంగడికి పోయిన విద్యార్థి మొదట అడిగే ప్రశ్న, "ఇందులో నర్ ఏది, మాదా ఏది?" అని. అంగడివాడు తడుముకోకుండా రెండు చేపలను వలతో తీసి "ఇదిగో జోడీ" అంటాడు. ఏడాది గడిచినా ఆ జోడీకి పిల్లలు కలుగవు. ఒక్కొక్కప్పుడు అవి రెండూ ఆడవే. ఒక్కొక్కప్పుడు ఒకే జాతివి కూడా కావు. ఉర్దూలో మఛ్లీ ఎల్లప్పుడూ స్త్రీలింగమే. తెలుగులో చేప అమహద్వాచకం. రెండు భాషలూ చదివిన మన విద్యార్థికి ఇక్కడ వ్యాకరణం అక్కరకు రాదు.

సిక్లిడ్ కుటుంబపు చేపలలో అధికభాగం ఆఫ్రికా, అమెరికా ఖండాలవి. భారతదేశానికి సహజమైనవి మూడు జాతులే. వానిలో రెండు పులికాట్ సరస్సులోని ఉప్పు కలిసిన నీటిలో ఉన్నాయి. చిన్నది ఆరెంజ్ క్రోమైడ్. ఎనిమిది సెంటీమీటర్లకు మించి పెరగడం అరుదు. పెద్దది పెర్ల్ స్పాట్. కేరళ 2010లో రాష్ట్రచేపగా ప్రకటించిన కరిమీన్ ఇదే. ఈ రెంటి పిల్లలతో కలిసిపోయే మూడవది తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చిన ఆఫ్రికా చేప.

తిలాపియాను వేరుచేయడం సులభం. మలద్వారం వెనుకనున్న అడుగురెక్కను, అనగా పాయువాజాన్ని చూడవలెను. తిలాపియాకు అందులో మూడే ముళ్ళు. క్రోమైడ్‌లకు పన్నెండు లేక అంతకు మించి ఉంటాయి. ఎట్రోప్లస్ అన్న గ్రీకు పేరుకు 'పొట్టపై ఆయుధం' అని అర్థం. పేరు పెట్టినవాడు చేపను సరిగా చూచినాడు.

రెండు క్రోమైడ్‌లను వేరుచేయుటకు ముళ్ళు చాలవు. చిన్నదాని పక్కన మూడు నల్లని గుండ్రని మచ్చలు, పసుపు ఒంటిపై ఎర్రచుక్కల వరుసలు ఉంటాయి. పెద్దదానికి నిలువుపట్టెలు, పొలుసులపై ముత్యపు చుక్కలు. అయితే తొట్లలో పెంచిన పచ్చరకానికి ఆ మచ్చలే ఉండవు. పైగా చిన్న క్రోమైడ్ పెద్దదాని ఒంటిమీది బూజును, పరాన్నజీవులను తిని శుభ్రం చేస్తుందని 1972లో వైమన్, వార్డ్ వర్ణించారు. అట్లా వెంటనంటి తిరిగే రెంటిని చూచి తల్లీపిల్లలనుకొనే ప్రమాదం కలదు.

ఇక లింగభేదం. దక్షిణ అమెరికా నుండి వచ్చిన చిన్న సిక్లిడ్ రామ్‌లో గుడ్లు పెట్టే ఆడదాని పొట్ట గులాబీరంగుకు తిరుగుతుంది. ఆరెంజ్ క్రోమైడ్‌లో అట్టి సౌకర్యం లేదు. గుడ్ల కాలంలో పొట్ట నల్లబడినదానిని మగదని అంగడిలో చెప్పుతారు. నిజానికి రెంటికీ నల్లబడుతుంది. గుడ్లను, పిల్లలను కాచేదీ ఇద్దరూ. పిల్లలు ఇద్దరి ఒంటిమీది జిగురునూ కొరికి తింటాయి. కనుక నడతను బట్టి కూడా చెప్పలేము.

మిగిలినది ఒక్కటే: గుడ్లు పెట్టుటకు కొద్ది ముందుగా మలద్వారం వెనుక బయటపడే చిన్న బొడిపె. మగదానిది సన్నగా మొనదేలి, ఆడదానిది వెడల్పుగా మొద్దుగా ఉంటుంది. అది కూడా కొద్దికాలమే. అందుచేత అయిదారు పిల్లలను కలిపి పెంచి, వాటంతట అవి జత కట్టువరకు ఆగడం మేలు. అంగడివాడు దీనికి సులభంగా ఒప్పుకోడు. విడిచేపకు ఒక ధర, జోడీకి మరొక ధర.